శనివారం స్కోర్లు, ఆదివారం మాటలు: అమెరికా చిన్న కాలేజీల ఫుట్‌బాల్ ఫలితాలను చర్చించడం ఎలా?

"అన్నా, మనోళ్లు నిన్న 31–10తో కుమ్మేశారటగా!"

"ఎవర్ని?"

"అదే... ఏదో వెస్లియన్."

"ఏ వెస్లియన్?"

అంతే, ఫోన్‌లో చప్పుడుండదు. కొడుకుని డివిజన్ 3 కాలేజీలో చేర్పించిన తల్లిదండ్రులూ, ఎంఎస్‌కి వచ్చి శనివారం స్టాండ్స్‌లో కూర్చోవడం మొదలుపెట్టిన కుర్రాళ్లూ నన్ను అడిగేది ఒకటే. స్కోరు తెలిసింది, ఇక ఏం మాట్లాడాలి? తడబడకుండా ఎలా మాట్లాడాలి?

టచ్‌డౌన్‌కి 6, దాని తర్వాత కిక్‌కి 1, ఫీల్డ్ గోల్‌కి 3, సేఫ్టీకి 2 అన్నంతవరకు మీకు తెలుసనుకుని రాస్తున్నాను. నేను పాటించే నియమం ఒక్కటే: ఫైనల్ స్కోరు గురించి చివర్లో మాట్లాడాలి. కింది వరుసంతా దానికోసమే.

1. ముందు ఏ మెట్టు ఆటో తేల్చుకోండి

"చిన్న కాలేజీ" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు వేరు కాపురాలున్నాయి. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల పెద్ద సంఘం) డివిజన్ 2లో ఆటగాళ్లకు స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, చాలావరకు సగమో పావో. డివిజన్ 3లో ఆట పేరు మీద ఒక్క డాలర్ కూడా ఇవ్వరు. చదువును బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి వచ్చే సహాయమే. ఎన్‌ఏఐఏ అసలు వేరే సంఘం. మూడింటికీ ప్లేఆఫ్‌లు వేరు, ర్యాంకులు వేరు. ఒకదాని 5వ ర్యాంకును ఇంకోదాని 5వ ర్యాంకుతో పోల్చకూడదు.

ఇక్కడ నేను చెప్పేది డివిజన్ 3 గురించి. ఇందులో ఫుట్‌బాల్ ఆడే కాలేజీలు దాదాపు 240.

మనవాళ్లు తరచూ పొరబడే చోటు ఇంకొకటుంది. ఒకే కాలేజీలో ఒక్కో ఆట ఒక్కో మెట్టులో ఉండవచ్చు. జాన్స్ హాప్కిన్స్ లాక్రోస్ డివిజన్ 1, ఫుట్‌బాల్ డివిజన్ 3. ఆర్‌పీఐలో ఐస్ హాకీ కూడా అంతే. కార్నెగీ మెలన్, కేస్ వెస్టర్న్, ఎంఐటీ, డబ్ల్యూపీఐ లాంటి మన పిల్లలు బాగా చేరే చోట్ల ఫుట్‌బాల్ డివిజన్ 3లోనే ఆడతారు. పక్క వీధిలో ఉండి కూడా చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇక పేర్లు. ఊళ్లో సుబ్బారావు అంటే "ఏ సుబ్బారావు?" అని అడుగుతాం కదా, అలాగే ఇక్కడా అడగాలి:

- వెస్లియన్ అంటే కనెక్టికట్‌లోదా, ఒహాయో వెస్లియనా, ఇల్లినాయ్ వెస్లియనా, నెబ్రాస్కా వెస్లియనా?
- ట్రినిటీ అంటే కనెక్టికట్‌లోదా, టెక్సస్‌లోదా?
- అగస్టానా అంటే ఇల్లినాయ్‌లోని డివిజన్ 3 జట్టా, సౌత్ డకోటాలోని డివిజన్ 2 జట్టా?
- బెతెల్ అంటే మిన్నెసోటాలోదేనా? కాన్సస్‌లో, టెనెసీలో ఉన్నవి ఎన్‌ఏఐఏ జట్లు.

పేరు పక్కన రాష్ట్రం రాసే అలవాటు చేసుకుంటే సగం తగాదాలు పుట్టనే పుట్టవు.

2. శుక్రవారం రాత్రి ఇరవై నిమిషాలు

ఆదివారం బాగా మాట్లాడేవాళ్లంతా శుక్రవారమే పని మొదలుపెడతారు. ఒక కాగితం చాలు. మీ జట్టున్న కాన్ఫరెన్స్‌లో (ఏటా తమలో తాము ఆడుకునే జట్ల గుంపు) ఆ వారం ఆటలన్నీ రాయండి, బయటి ఆటలు ఓ ఐదు కలపండి. 240 జట్లనూ పట్టుకోవాలని చూస్తే రెండో వారానికే విసుగొస్తుంది.

ఒక్కో ఆటకు రాసుకోవలసినవి:

- ఎవరి మైదానం. షెడ్యూల్‌లో "ఎట్" అని ఉంటే మీ జట్టు అవతలి ఊరు వెళ్తోంది, "వీఎస్" అని ఉంటే సొంత ఊళ్లోనే ఆట. బాక్స్ స్కోర్‌లో (ఆట అంకెలన్నీ ఉండే పేజీ) పైన ఉండేది వచ్చిన జట్టు, కింద ఉండేది ఊరి జట్టు.
- కాన్ఫరెన్స్ ఆటా కాదా. షెడ్యూల్‌లో చాలాచోట్ల పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) పెడతారు.
- రెండు జట్ల రికార్డు, రెండు రకాలుగా. 6–1 మొత్తం, 4–0 కాన్ఫరెన్స్‌లో, ఇలా. గెలుపులు ముందు, ఓటములు తర్వాత.
- పోయిన వారం ఎవరైనా ముఖ్యుడు ఆడలేదా.
- మీ అంచనా. ఒకే వాక్యం, కారణంతో.

చివరిది మాత్రం మానకండి. ముందు రాసిపెట్టుకోకపోతే ఆదివారానికి మనమందరం "నేను ముందే అనుకున్నా" బ్యాచ్‌లో చేరిపోతాం.

ఇండియా నుంచి చూసే అమ్మానాన్నలకు టైం లెక్క: తూర్పు తీరంలో మధ్యాహ్నం 1 గంటకు మొదలయ్యే ఆట మనకు శనివారం రాత్రి 10:30. చికాగో, మిన్నెసోటా వైపు 1 గంట అంటే రాత్రి 11:30. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత శనివారం నుంచి ఇంకో గంట కలపాలి. సీజన్‌లో కీలకమైన ఆటలన్నీ అప్పుడే ఉంటాయి. ఈ ఒక్క గంట తేడా తెలియక అలారం పెట్టుకుని లేచి, ఖాళీ మైదానం చూస్తూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

3. ఫలితాలు ఏ వరుసలో తీసుకోవాలి

మొదట మీ జట్టు స్కోరు చూడాలనిపిస్తుంది. చూడండి, కాదనను. మిగతావి మాత్రం ఈ వరుసలో తీసుకోండి:

1. మీ కాన్ఫరెన్స్‌లో మిగిలిన ఆటలు.
2. మీ జట్టు ఇంతకుముందు ఆడిన ప్రత్యర్థుల ఆటలు.
3. ఇకముందు ఆడబోయే ప్రత్యర్థులవి.
4. చివర్లో టాప్ 25 (ఓట్లతో వేసే ర్యాంకుల్లో మొదటి 25) జట్లవి.

రెండో మెట్టును ఎవరూ పట్టించుకోరు. అదెందుకు ముఖ్యమో ఆరో భాగంలో చెప్తాను.

స్కోరు పక్కన "ఫైనల్" ఉందో లేదో చూడండి. "ఓటీ" అని ఉంటే ఎన్ని ఓవర్‌టైమ్‌లో కూడా రాసుకోండి. కాలేజీ ఓవర్‌టైమ్‌లో రెండు జట్లకూ 25 గజాల గీత దగ్గర బంతి ఇస్తారు. కాబట్టి స్కోరు గబగబా పెరుగుతుంది. 41–39 చూసి "డిఫెన్స్‌లు చేతులెత్తేశాయి" అనకండి, 60 నిమిషాలు ముగిసేసరికి అది 24–24 అయి ఉండవచ్చు. మూడో ఓవర్‌టైమ్ నుంచి ఇరుజట్లూ రెండు పాయింట్ల ప్రయత్నాలు (టచ్‌డౌన్ తర్వాత కిక్ బదులు చేసేలాంటివి) మాత్రమే చేస్తాయి.

సెప్టెంబర్‌లో ఇంకో చిక్కు మెరుపులు. పిడుగు పడితే ఆట ఆపుతారు, చివరి మెరుపు తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మళ్లీ మెరిస్తే లెక్క మళ్లీ మొదటికి. స్కోరు రెండు గంటలుగా కదల్లేదంటే కారణం అదే కావచ్చు.

4. బాక్స్ స్కోర్ చదవడం: అసలు పని ఇక్కడే

దీనికి ఆటకు పది నిమిషాలు పడుతుంది. తొందరపడకండి.

*మొదట క్వార్టర్ల వారీ స్కోరు.* పైన చెప్పిన 31–10నే తీసుకుందాం. హాఫ్‌టైమ్‌కి 10–10, మూడో క్వార్టర్ తర్వాత కూడా 10–10, చివరి క్వార్టర్‌లో 21 వచ్చాయనుకోండి. ఇది కుమ్మేసిన ఆట కాదు. మూడొంతుల ఆట సమానంగా నడిచి చివర్లో తెగింది.

*తర్వాత స్కోరింగ్ సమ్మరీ.* ఆ 21 ఎలా వచ్చాయి? ఒకటి ఇంటర్‌సెప్షన్‌ని (మధ్యలో అందుకున్న అవతలివాళ్ల పాస్) వెనక్కి పరిగెత్తించినది. ఇంకొకటి అవతలివాళ్లు 12 గజాల దగ్గర ఫంబుల్ చేస్తే (బంతి జారవిడిస్తే) వచ్చినది. మూడోదే నిజంగా మైదానమంతా నడిచి కొట్టినది. అంటే మీ ఆఫెన్స్ సొంతంగా సంపాదించిన టచ్‌డౌన్ ఆ క్వార్టర్‌లో ఒక్కటే.

*ఆపైన డ్రైవ్ చార్ట్.* ఒక్కో డ్రైవ్‌లో, అంటే బంతి చేతిలో ఉన్న ఒక్కో విడతలో, జట్టు బంతిని ఎక్కడ అందుకుంది, ఎన్ని ప్లేలు (విడి ప్రయత్నాలు) ఆడింది, ఎలా ముగించింది అన్నది ఇందులో ఉంటుంది. నాకు మొత్తం పేజీలో ఇదే ఇష్టం. ఒక జట్టు డ్రైవ్‌లు సగటున తన 20 దగ్గర, ఇంకొకటి తన 40 దగ్గర మొదలవుతుంటే ఆ 20 గజాలూ పంటర్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు అప్పగించేవాడు) చలవ, లేదా కిక్ రిటర్న్ చేసే కుర్రాడి చలవ. ఎవరూ మాట్లాడని ఆ కుర్రాడి పేరు మీరు ఎత్తితే, ఆట చూశారని అవతలివాళ్లకు అర్థమైపోతుంది.

*అప్పుడు టర్నోవర్లు, థర్డ్ డౌన్‌లు, రెడ్ జోన్.* టర్నోవర్ అంటే బంతిని అవతలివాళ్లకు పోగొట్టుకోవడం, థర్డ్ డౌన్ అంటే పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, రెడ్ జోన్ అంటే గోల్ గీత ముందు చివరి 20 గజాలు. 20 గజాల లోపలికి ఐదుసార్లు వెళ్లి 13 పాయింట్లతో బయటికొచ్చిన జట్టు ఓడిపోతే ఆశ్చర్యమేముంది?

*అన్నిటికన్నా చివర్లో గజాలు.* ఇక్కడ ఒక గోతి ఉంది, ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) చూసి అలవాటైనవాళ్లు తప్పకుండా పడతారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని (పాస్‌లు వేసే ఆటగాడు) సాక్ చేస్తే, అంటే పాస్ వేసేలోపే వెనకే పడేస్తే, పోయిన గజాల్ని జట్టు పాసింగ్‌లోంచి తీస్తారు. కాలేజీలో రషింగ్‌లోంచి (బంతి పట్టుకుని పరిగెత్తి సంపాదించిన గజాలు) తీస్తారు.

"34 పరుగులు, 62 గజాలు" అని కనబడిందనుకోండి. సగటు 2 గజాలు కూడా లేదు, రన్నింగ్ దండగ అనిపిస్తుంది. అందులో 6 సాక్‌లు, వాటివల్ల పోయిన 48 గజాలు ఉంటే? అవి తీసేస్తే 28 పరుగులు, 110 గజాలు. సగటు దాదాపు 4. రన్నింగ్ బ్యాక్‌లు తమ పని చేశారు, బలహీనత పాస్ వేసేటప్పుడు కాపలా కాయడంలో ఉంది. ఒకే అంకె నుంచి రెండు వ్యతిరేకమైన మాటలు వస్తాయన్నమాట. గెలిచిన జట్టు చివర్లో టైం గడపడానికి మోకాలు ఆనించే ప్లేలనీ రషింగ్‌లోనే రాస్తారు, అవీ తీసి చూడండి.

డివిజన్ 3కే బాగా అంటుకున్న చిక్కు జెర్సీ నంబర్లది. జట్టులో వందకు పైగా పిల్లలుంటే 0 నుంచి 99 దాకా ఉన్న నంబర్లు చాలవు. ఆఫెన్స్‌లో ఒక 7, డిఫెన్స్‌లో ఇంకో 7 ఉంటారు. ఇద్దరూ ఒకేసారి మైదానంలో లేకపోతే సరిపోతుంది. లైవ్‌లో రాసేవాళ్లు ఒక్కోసారి ఒకరి ట్యాకిల్‌ని ఇంకొకరి ఖాతాలో వేస్తారు, తర్వాత దిద్దుతారు. అందుకే శనివారం రాత్రి అంకెల్ని పెన్సిల్‌తో రాసుకుని, ఆదివారం మళ్లీ ఒకసారి సరిచూడండి.

పాత రికార్డులతో పోల్చేముందు ఒక్కమాట. ఫస్ట్ డౌన్ (పది గజాలు దాటి మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కడం) వచ్చిన ప్రతిసారీ గడియారం ఆపే పద్ధతి డివిజన్ 3లో 2024 నుంచి పోయింది, ఒక్కో హాఫ్ చివరి రెండు నిమిషాల్లో తప్ప. అంటే ఆటకు దొరికే ప్లేలు కాస్త తగ్గాయి.

అంకెలన్నీ అయ్యాక కూడా ప్లే బై ప్లేలో (ఒక్కో ప్లేని వరసగా రాసిన చిట్టా) చివరి రెండు నిమిషాలు చదవండి. 2007 అక్టోబర్ 27న టెక్సస్ ట్రినిటీ 28–24తో మిల్‌సాప్స్ మీద గెలిచింది. స్కోరు చూస్తే మామూలు ఆటే. రెండు సెకన్లు మిగిలి ఉండగా మొదలైన చివరి ప్లేలో ట్రినిటీ పిల్లలు బంతిని 15 సార్లు చేతులు మార్చి టచ్‌డౌన్ చేశారు. ఫైనల్ స్కోరు దగ్గర ఆగినవాడికి ఆ ఆట లేనట్టే.

5. తేడా ఎంత పెద్దదైతే అంత జాగ్రత్త

డివిజన్ 3లో జట్ల మధ్య బలం తేడా మనం ఊహించలేనంత ఉంటుంది. ఒహాయోలోని మౌంట్ యూనియన్‌కి 13 జాతీయ టైటిళ్లున్నాయి. అయోవాలో గ్రినెల్ కాలేజీ 2019లో మూడు ఆటలయ్యాక ఆడేందుకు సరిపడా ఆరోగ్యంగా ఉన్న ఆటగాళ్లు లేక సీజన్‌నే ఆపేసింది. ఇద్దరిదీ ఒకే డివిజన్.

2017లో సెయింట్ థామస్ 97–0తో సెయింట్ ఓలఫ్‌ని ఓడించింది. రెండేళ్ల తర్వాత ఆ రెండు జట్లూ ఉన్న కాన్ఫరెన్స్ సెయింట్ థామస్‌ని బయటికి పంపాలని తేల్చింది. 2021లో ఆ కాలేజీ నేరుగా డివిజన్ 1కి వెళ్లింది. కాబట్టి పెద్ద స్కోరు చూసి ఎగరడానికి ముందు ఇవి అడగండి:

- హాఫ్‌టైమ్‌కి తేడా ఎంత?
- మొదటి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఎప్పుడు బెంచ్ ఎక్కాడు? ప్లే బై ప్లేలో పాస్ వేసిన పేరు ఎక్కడ మారిందో చూస్తే తెలుస్తుంది.
- నాలుగో క్వార్టర్‌లో పాస్‌లు వేశారా, బంతి పట్టుకుని పరిగెత్తి ఊరుకున్నారా?

6. ప్లేఆఫ్ లెక్క

నవంబర్ రాగానే అందరూ దీనిమీదే పడతారు. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 40 జట్లు, అంతకుముందు 32. కాన్ఫరెన్స్ విజేతలకు సీటు దానంతట అదే వస్తుంది. మిగిలిన కొద్ది సీట్లకు ఎన్‌పీఐ అనే అంకె చూస్తారు.

ఎన్‌పీఐ పని చేసే తీరు సులువుగా చెప్పాలంటే ఇది. ప్రతి ఆటకూ ఒక విలువ ఉంటుంది. గెలిచావా ఓడావా అన్నదీ, అవతలి జట్టు ఎంత బలమైనదన్నదీ కలిపి ఆ విలువ కడతారు. వాటి సగటే మీ అంకె. బలహీనుల మీద గెలుపు సగటును కిందికి లాగుతుంటే, కనీసం ఇన్ని గెలుపులు లెక్కలోకి రావాలన్న షరతుకు లోబడి, దాన్ని వదిలేస్తారు.

క్రికెట్ నుంచి వచ్చిన మనకు ఇక్కడే తిరకాసు. నెట్ రన్ రేట్ లాంటిది ఇందులో లేదు. 1 పాయింట్‌తో గెలిచినా 50తో గెలిచినా ఒకటే. "ఇంకో టచ్‌డౌన్ కొట్టి ఉంటే ప్లేఆఫ్‌కి వెళ్లేవాళ్లం" అనే మాటకు అర్థం లేదు. టాప్ 25 పోల్స్‌కీ ఎంపికలో చోటు లేదు. అవి సరదాకీ, తగువులకీ.

ఇప్పుడు మూడో భాగంలో రెండో మెట్టు గుర్తు చేసుకోండి. సెప్టెంబర్‌లో మీరు ఓడించిన జట్టు అక్టోబర్‌లో నాలుగు ఆటలు గెలిస్తే, మీరు కాలు కదపకుండానే మీ అంకె పెరుగుతుంది. వాళ్లు వరసగా ఓడితే తగ్గుతుంది. అందుకే సిసలైన అభిమాని ఆదివారం పొద్దున పాత ప్రత్యర్థుల కోసం మొక్కుకుంటూ కనిపిస్తాడు.

కాన్ఫరెన్స్‌లో ఇద్దరు సమానమైతే ఏం చేస్తారన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. సాధారణంగా ముఖాముఖి ఫలితం మొదట చూస్తారు. ముగ్గురు సమానమైతే మీ కాన్ఫరెన్స్ నియమాలు తెరిచి చదవండి, ఊహించకండి.

ఎవరితో ఎవరు ఆడాలన్నది బలంతో పాటు దూరాన్ని బట్టి కూడా తేలుస్తారు. ఏళ్ల తరబడి 500 మైళ్ల లెక్క నడిచింది. అంతలోపు అయితే బస్సు, దాటితేనే విమానం. విమానం ఖర్చు తగ్గాలి కాబట్టి రెండు బలమైన పొరుగు జట్లు ముందే ఢీకొనేవి. "మాకే ఎందుకు ఇంత కష్టమైన డ్రా?" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు మ్యాపులో ఉంటుంది.

7. ఆదివారం: మాట ఎలా మొదలుపెట్టాలి

నేను వాడే పద్ధతి మూడు వాక్యాలది. ఒకటి, ఆట ఎక్కడ మలుపు తిరిగింది. రెండు, దానికి ఆధారమైన ఒక్క అంకె. మూడు, వచ్చేవారానికి దానర్థం ఏమిటి. "మూడో క్వార్టర్ దాకా సమానమే, రెండు టర్నోవర్లు చేతికి చిక్కాయి. 6 సాక్‌లు ఇచ్చాం. వచ్చేవారం వచ్చేవాళ్లు ఇంతకంటే గట్టిగా మీద పడతారు, కాపలా కుదరకపోతే కష్టం." ఇంత చాలు. అవతలివాళ్లు మిగతాది అందుకుంటారు.

ఆటగాళ్ల గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల వయసు మర్చిపోకండి. సోమవారం పొద్దున కెమిస్ట్రీ ల్యాబ్‌కి వెళ్లే 19 ఏళ్ల పిల్లలు. స్టాండ్స్‌లో మీ ముందు వరసలో కూర్చున్నావిడ ఆ కిక్కర్ తల్లి కావచ్చు. నేనొకసారి "ఈ కిక్కర్‌ని ఎవరు పెట్టారండీ" అని గట్టిగా అనేశాను. ఆవిడ వెనక్కి తిరిగి నవ్వింది. ఆట అయిపోయాక వాళ్లాయన నాకు హాట్ చాక్లెట్ తెచ్చిచ్చాడు. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను. తప్పిపోయిన కిక్ గురించి మాట్లాడొచ్చు, కొట్టిన కుర్రాడి గురించి వద్దు. ప్లే కాల్ బాగోలేదంటే కోచ్‌ని అనొచ్చు, అది వాళ్ల జీతంలో భాగం.

మీ అబ్బాయే జట్టులో ఉంటే ఇంకో జాగ్రత్త. ఎవరి మోకాలు ఎలా ఉందో, శనివారం ఎవరు ఆడరో ఇంట్లో వింటారు. అది బయట చెప్పకండి. లోపలి సమాచారం బెట్టింగ్ చేసేవాళ్లకు చేరవేయడం ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం ఆటగాడికి నేరం. మీరు సరదాగా అన్న మాట వాడి మెడకు చుట్టుకుంటుంది.

8. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారులు

*"వాళ్లని వీళ్లు కొట్టారు, వీళ్లని మనం కొట్టాం, కాబట్టి వాళ్లని మనం కొడతాం."* కాన్ఫరెన్స్ బయట ఒక్కో జట్టు ఆడేది చాలాచోట్ల ఒకటి నుంచి మూడు ఆటలే. ఆ సన్నని దారం మీద అంత బరువు వేయకండి. ఆ ఆటలు ఏ వారంలో, ఎవరి మైదానంలో జరిగాయో పక్కన రాస్తే వాదన దానంతటదే చల్లబడుతుంది.

*బంతి ఎక్కువసేపు ఉంచుకున్నవాళ్లే బాగా ఆడారనడం.* గబగబా మూడు టచ్‌డౌన్‌లు కొట్టిన జట్టు దగ్గర బంతి తక్కువసేపే ఉంటుంది. టైం బదులు, ఒక్కో డ్రైవ్‌కి ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కేయండి.

*గాలిని మర్చిపోవడం.* నవంబర్‌లో విస్కాన్సిన్ వైపు పాసింగ్ అంకెలు పడిపోతే క్వార్టర్‌బ్యాక్‌ని తిట్టేముందు ఆ రోజు వాతావరణం చూడండి. రెండు జట్లకూ పడిపోయాయా, ఒక్కదానికేనా?

*అన్ని కాన్ఫరెన్స్‌లూ ఒకేలా ఆడతాయనుకోవడం.* న్యూ ఇంగ్లండ్‌లోని నెస్కాక్ కాన్ఫరెన్స్‌లో పది జట్లు, రెగ్యులర్ సీజన్‌లో 2017 నుంచి ఒక్కోటి తొమ్మిది ఆటలు, అన్నీ తమలో తామే. బయటి జట్టుతో పోల్చడానికి ఆ ఆటల్లో ఒక్కటి కూడా ఉండదు. నెస్కాక్‌లోని ఆమ్‌హర్స్ట్ గొప్పదా, మౌంట్ యూనియన్ గొప్పదా అని తెల్లవార్లూ వాదించుకోవచ్చు, ఆ ఆటల్ని బట్టి తేలదు.

*తప్పు చెప్పి సర్దుకోకపోవడం.* శుక్రవారం కాగితం తీయండి, "ఇది నేను తప్పు అంచనా వేశాను" అని ముందే అనేయండి. మిగతా సీజనంతా మీ మాట వింటారు.

9. ఫోన్ దగ్గర పెట్టుకునే చెక్‌లిస్ట్

శుక్రవారం
- ఆటలు, మైదానం, రెండు రకాల రికార్డులు రాశానా?
- కాలేజీ పేరు పక్కన రాష్ట్రం ఉందా?
- అంచనా ఒక వాక్యం రాశానా?

శనివారం
- "ఫైనల్" చూశాకే రాసుకున్నానా? ఓవర్‌టైమ్ గుర్తు పెట్టానా?
- పాత ప్రత్యర్థుల ఫలితాలు తీసుకున్నానా?

ఆదివారం పొద్దున
- క్వార్టర్లు, స్కోరింగ్ సమ్మరీ, డ్రైవ్ చార్ట్, టర్నోవర్లు, చివరికి గజాలు, ఇదే వరుసలో చూశానా?
- రషింగ్‌లోంచి సాక్‌లు విడదీశానా?
- దిద్దిన అంకెలతో సరిచూశానా?
- ఏ వెస్లియనో తెలుసా?